లేడీస్ కౌంటర్

పదకొండేళ్ల కిందట నా కడుపులోని బిడ్డను నిలబెట్టడానికి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ, ఈ ఆదివారం పొద్దున నా భర్త సినిమా టికెట్ల డబ్బాలో దొరికింది.

డబ్బా తుడవమని ఆయనే చెప్పాడు.

"మే, ఆ డబ్బా దుమ్ము దులిపి తే. శేషయ్య సారు వస్తాండాడు. ఈ పొద్దు తేలిపోవల్ల."

తేలాల్సింది ఏమిటంటే, ఏ పదేళ్లలో మంచి సినిమాలు వచ్చాయన్నది. మూడు నెలలుగా ప్రతి ఆదివారం మా వరండాలో ఇదే వాదన. రిటైరైన తెలుగు మాస్టారు శేషయ్యది అరవైల పక్షం. కరెంటు సామాన్ల షాపు మత్తయిది ఎనభైల పక్షం. మా ఆయన కరుణాకర్‌ది తొంభైల పక్షం. వాళ్లు మాట్లాడతారు. నేను బొరుగులు నానేసి ఉగ్గాని కలుపుతాను, బజ్జీలు వేస్తాను, టీ రెండుసార్లు పెడతాను.

మా ఆయన వాదనకు బలమంతా ఆ రేకు డబ్బాలో ఉంది. 1990 నుంచి చూసిన ప్రతి సినిమా టికెట్టు ముక్కా అందులో దాచాడు. ఒక్కో సినిమా టికెట్లను చేతికి దొరికిన కాగితంలో మడిచి, పైన తేదీ, ఆట, ఎవరెవరు వచ్చారు, సినిమా ఎట్లా ఉంది అని రాస్తాడు. విత్తనాల కొట్లో గుమస్తా. మా పెళ్లిరోజు ఆయనకు గుర్తుండదు. ఏ సినిమా ఏ శుక్రవారం వచ్చిందో, ఇంటర్వెల్ ముందు రీలు ఎక్కడ తెగిందో గుర్తుంటుంది.

ఒక్కో పొట్లం తీసి తుడుస్తున్నాను. ఒకదాని కాగితం మిగతావాటికంటే దళసరిగా ఉంది. మీద ఆయన చేతిరాత. "17-7-98, శుక్రవారం, మార్నింగ్ షో. నేను, మత్తయి, ఇంకిద్దరు. సూపర్ హిట్." విప్పితే నాలుగు టికెట్లు ఒళ్లో రాలాయి. కాగితం లోపలివైపు దెబోరా డాక్టరమ్మ పేరు అచ్చులో ఉంది. కింద నా పేరు. తేదీ 16-7-98. ఐదో నెల. ఆ కింద ఇంగ్లీషులో మూడు మాటలు, వాటి అడుగున రెండు గీతలు. కంప్లీట్ బెడ్ రెస్ట్.

ఆ మూడు మాటలు ఎంత గజిబిజిగా రాసినా నేను గుర్తుపడతాను. ఆరేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. నెలకు ఒకరిద్దరు గర్భిణులు ఇట్లాంటి చీటీలు పట్టుకొస్తారు. వాళ్ల ఇంటికి పోయి, అత్తల ముందు, మొగుళ్ల ముందు నిలబడి చదివి చెప్తాను. నీళ్లు మోయించొద్దు, నిలబెట్టొద్దు, మంచం దిగనీయొద్దు అని. "నీకెంతమంది పిల్లలు టీచరమ్మా, ఇంత తెలిసినట్ల చెప్తాండావు" అని అత్తలు అడుగుతారు. లేరంటాను. అక్కడితో నా చదువుకు విలువ పోతుంది. మొహం తిప్పుకుని కోడలిని నీళ్లు తెమ్మంటారు.

1998లో కూడా నాకు ఈ మాటలు చదవడం వచ్చు. పదో తరగతి పాసయ్యాను. కానీ చీటీ నా చేతికి రాలేదు. ఆ గురువారం సాయంత్రం చీర మీద మరక కనిపిస్తే భయపడి డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె చూసి, నేను తెర వెనక చీర సర్దుకుంటుంటే, మా ఆయనను ముందు గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. నేను బయటికి వచ్చేసరికి ఇంకో పేషెంటు కూర్చుని ఉంది. "మీ ఆయనకు అంతా చెప్పినానమ్మా, అట్లనే చెయ్యి" అంది. రిక్షాలో అడిగాను, ఏమన్నదని. "బాగుందంట. బాగా నడవాలంట. ఊరికే కూర్చుంటే కాన్పు కష్టమైతాదంట" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, ఆ వెంటనే రిక్షా ఆపి అరటిపళ్లు కొన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికే నన్ను థియేటరు దగ్గర దించాడు. అది ఫ్యాక్షన్ సినిమా. మన సీమ, మన బాంబులు, మన సుమోలు తెర మీద చూడాలని నంద్యాల నంద్యాలంతా ఊగిపోతోంది. మగవాళ్ల లైను ఇనుప బోనులాంటి సందులో నుంచి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. పక్కనే లేడీస్ కౌంటర్. గోడకూ ఇనుప పైపుకూ మధ్య ఒక మనిషి పట్టే దారి. మనిషికి నాలుగు టికెట్లు. ఆ లైన్లో నిలబడిన ఆడవాళ్లలో సినిమా చూడటానికి వచ్చినవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప. మిగతావాళ్లందరూ నాలాంటివాళ్లే. టికెట్లు తెచ్చి గేటు దగ్గర మొగుడికో కొడుక్కో ఇచ్చి ఇంటికి పోయేవాళ్లు. పెళ్లై ఆళ్లగడ్డ నుంచి వచ్చిన నెలకే నాకు ఆ పని అంటగట్టాడు. నాలుగేళ్లలో ముప్పైకి పైగా సినిమాలకు టికెట్లు తెచ్చాను. చూసినవి రెండు.

పదిన్నరకు కౌంటర్ తెరిచారు. వెనక నుంచి ఒక్కసారిగా తోశారు. పైపు నా పొట్టకు అడ్డంగా దిగింది. కదలడానికి చోటు లేదు. రంధ్రంలోకి చేయి పెట్టి నాలుగు తీసుకున్నాను. గేటు దగ్గర ఇస్తే, "బిరీన పొయ్యి అన్నం వండు, మేం నలుగురం తినేదానికి వస్తాం" అని లోపలికి పోయాడు. నడిస్తే మంచిదన్నారు కదా అని నడిచే ఇంటికి పోయాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆ అన్నం ఎవరు దించారో నాకు తెలియదు.

ఆ తర్వాత ఇంక కడుపు పండలేదు. ఇన్నేళ్లూ మా అత్త ఉమామహేశ్వరమ్మ వచ్చినవాళ్లకల్లా ఒకటే మాట చెప్తూ వచ్చింది. "మా కోడలికి సినిమా పిచ్చి. వద్దంటే ఇనకుండా లైన్లో దూరె. బిడ్డను మింగె." నా ముందే చెప్తుంది, నేను మజ్జిగ ఇస్తుంటే చెప్తుంది. బారసాలకు పోతే ఊయల దగ్గరికి నన్ను రానివ్వదు. మా అమ్మ కూడా నమ్మింది. ఎందుకు నమ్మదు? ఆళ్లగడ్డలో మా ఇల్లు థియేటరు గోడకు ఆనుకుని ఉండేది. నాన్న సినిమాకు పంపేవాడు కాదు. నేను గోడకు చెవి పెట్టి సినిమాలు విన్నాను. హీరో మొహం ఎరగను, వాడి మాటలు మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పేదాన్ని. అందుకని ఆ పొద్దు ఆసుపత్రికి వచ్చిన అమ్మ, నన్ను పట్టుకుని ఏడవలేదు. "నీకు బుద్ధుండల్ల" అంది. అన్నిటికంటే ఘోరం, నేనూ నమ్మాను. లైన్లో నిలబడినప్పుడు నాకు కూడా ఆ సినిమా చూడాలని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణం కోరికకే నా బిడ్డ పోయిందని పదకొండేళ్లు నన్ను నేను తిట్టుకున్నాను. మళ్లీ థియేటరు గడప తొక్కలేదు. టీవీలో పాట వస్తే ఇంకో గదిలోకి పోయేదాన్ని.

చీటీ మడిచి బొడ్లో దోపుకున్నాను. టికెట్లు డబ్బాలో వేసి, డబ్బా తీసుకుపోయి వరండాలో పెట్టాను. ఉగ్గాని వడ్డించాను.

శేషయ్య సారు మొదలుపెట్టాడు. "అప్పట్ల రాసేవోళ్లు ఉండ్రిరా నాయనా. ఒక మాట రాస్తే పదేళ్లు నాలుక మీద ఉండె. మీ తొంభైల్లో ఏముంది? సుమో లేస్తాది, మనిషి పడతాడు."

"మీ అరవైల్లో ఏముంది సారూ," అన్నాడు మత్తయి. "హీరోయిన్ ఏడ్చేదానికి ఒక రీలు, కళ్లు తుడుచుకునేదానికి ఒక రీలు. డాన్సు చూడాలంటే మా ఎనభైలే."

"డాన్సంట. డ్రిల్లు మాస్టరు ఈల ఊదినట్ల ఎగిరేది డాన్సా," అన్నాడు మా ఆయన. "సినిమా అంటే తొంభైలు. దాని కోసరం చొక్కాలు చించుకున్న్యాం. మీరు కుర్చీలో కూర్చోని చూసినారు, మేం రక్తం కార్చి చూసినాం."

అందరూ నవ్వారు. మా అత్త వరండా మూల మంచం మీద శనక్కాయలు ఒలుస్తూ తనూ నవ్వింది. మత్తయి ఎనభైల సినిమాలోని మాట ఒకటి చెప్పబోయి సగంలో ఆగిపోయాడు. తలుపు దగ్గర నుంచి మిగతా సగం నేను చెప్పాను. "ఆ, అదే అదే," అని మా ఆయన దాన్ని ఇంకొకసారి గట్టిగా చెప్పాడు. మెప్పు ఆయనకు పోయింది.

శేషయ్య సారు మాత్రం నా వైపు చూశాడు. "రామేశ్వరమ్మా, నీ ఓటు ఎవరికి?"

"దాన్ని అడుగుతారేం సారూ, అది చూసింది యాడ," అన్నాడు మా ఆయన.

"ఓటు వేస్తా సార్," అన్నాను. "ముందు ఈయన్ను ఒకటి అడగాల. తొంభైల్లో అన్నిటికంటే పెద్ద సినిమా ఏదండీ?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ఫ్యాక్షన్ సినిమా పేరే చెప్పాడు.

"ఎప్పుడొచ్చె?"

"పదిహేడు జూలై, తొంభై ఎనిమిది. శుక్రవారం. మార్నింగ్ షో." సారు వైపు తిరిగాడు. "చూస్తిరా, నేను నోటి మాట చెప్పను. రుజువు చూపిస్తా." డబ్బాలో వెతికాడు. నాలుగు టికెట్లు విడిగా దొరికాయి. "వీటి కాగితం యాడ పెడ్తివి మే?"

చీటీ తీసి, ఆయన ఉగ్గాని పళ్లెం పక్కన పరిచాను.

ముందు తన చేతిరాత ఉన్న వైపు చూసి తలూపాడు. నేను తిప్పి రెండో వైపు పెట్టాను. ఆయన చేయి ఆగిపోయింది.

నేను ఇంటింటికీ పోయి చదివినట్టే చదివాను. పేరు చదివాను. తేదీ చదివాను. పదహారు, గురువారం. ఐదో నెల. మూడు మాటలు చదివి, తెలుగులో అర్థం చెప్పాను. నీళ్లు మోయించొద్దు. నిలబెట్టొద్దు. మంచం దిగనీయొద్దు. నెల నెలా చేసే పనే కదా.

"ఏందిరా అది?" అంది మా అత్త.

"పాత చీటీలేమ్మా. డాక్టర్లు అందరికీ అట్లనే రాస్తారు." నా వైపు తిరిగాడు. "ఇంగ్లీషు నాకేమర్థమైతాది మే?"

"అర్థం కాకపోతే, నడవమనిందని ఎట్ల చెప్తిరి?"

మత్తయి గొంతు సవరించుకున్నాడు. "నేను ఆ పొద్దే అడిగినా గదన్నా. వదినను డాక్టరు పడుకోమనిందంటివి, మళ్లా లైన్లో ఎట్ల నిలబెడ్తివని. ఏం గాదులే అని నవ్వితివి."

"అడిగి, టికెట్టు తీసుకుని నువ్వూ లోపలికి పోతివి గదా మత్తయీ," అన్నాను.

అతను పళ్లెం కింద పెట్టేశాడు. శేషయ్య సారు చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటున్నాడు.

"పోవద్దు సార్," అన్నాను. "మీరే ఓటు అడిగితిరి. కూర్చోండి."

కూర్చున్నాడు.

మా అత్త ఒళ్లోని శనక్కాయల చాట పక్కన పెట్టింది. "ఇదే పోతానని మొండికేసె, నేను వద్దన్న్యా ఇనలేదని నాతో చెప్తివి గదరా. అదే మాట నేను ఊరంతా చెప్పుకుంటి."

"చెప్పినా," అన్నాడు మా ఆయన. "ఏం చెప్పమంటావ్ మరి? నేనే పంపినానంటే నువ్వు ఊరుకుంటాంటివా? అయిపోయినదానికి ఇప్పుడేందీ పంచాయితీ? ఒక్క పూట నిలబడితే ఏం గాదులే అనుకుంటి. ముప్పై సినిమాలకు తెచ్చింది, ఎప్పుడన్నా ఏమన్నా అయ్యిందా?"

నా వైపు చూడకుండా చెప్పాడు. మా అత్త కూడా నా వైపు చూడలేదు. ఆమె కళ్లు గోడ మీద ఉన్న తన కూతురు ప్రసన్న పెళ్లి ఫోటో మీద నిలిచాయి. ప్రసన్న నా ఆడబిడ్డ. ఇప్పుడు ఆత్మకూరులో ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. ఆ ఏడాది పద్దెనిమిదేళ్లది, గుర్రంలా ఉండేది, ఇంటర్ చదువుతూ ఇంట్లోనే ఉండేది.

"నీకు అంత టికెట్లే కావల్లంటే," అంది మా అత్త మెల్లగా, "ప్రసన్న ఇంట్లోనే ఉండె గదరా. దాన్నన్నా పంపకపోతివా."

మా ఆయన తల ఎత్తాడు. అంతసేపూ మాటలు వెతుక్కుంటున్న మనిషి, ఈసారి వెతుక్కోలేదు. తల్లి అడగరానిది అడిగినట్టు, నొచ్చుకున్నట్టు చూశాడు.

"ఏం మాటలమ్మా అవి. ఆ లైన్లో ఎట్ల తోస్తారో వారం వారం చూస్తాన్న్యా నేను. ఒకరి మీద ఒకరు పడతారు. పక్క లైన్లో మగోళ్లు పైపు సందులో నుంచి చేతులు పెడతారు. డాక్టరమ్మ గూడా రెండుసార్లు చెప్పె, నిలబెడితే బిడ్డ నిలవదని. అన్నీ తెలుసు నాకు. తెలిసి తెలిసి మన ఇంటి ఆడపిల్లను అట్లాంటి చోటికి యాడ పంపేది?"