భద్రమ్మ ఇంట్లో తాంబూలం

యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిందని అటెండర్ నాగన్న చెప్పేసరికి నేను టిఫిన్ డబ్బాలోంచి రెండో ఓళిగ తీస్తున్నాను. చేతికి బొబ్బట్టు నెయ్యి అంటుకుని ఉంది. ఆ చేతిని కొంగుకు తుడుచుకుంటూనే ప్రిన్సిపాల్ గది దాకా దాదాపు పరుగెత్తాను. కొత్త పెళ్లికూతురు అలా పరుగెత్తకూడదని మా అత్త చూస్తే అనేది కాదు గానీ, ఆఫీసులో గుమాస్తాలు మాత్రం తలలెత్తి చూశారు.

ఉత్తరం నాలుగే వాక్యాలు. బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్న భద్రమ్మకు హాజరు తక్కువైనా ఈ ఏడు పరీక్ష రాయనిస్తారట. ఒకటే షరతు. శుక్రవారం నుంచి పరీక్షల దాకా ఒక్క ప్రాక్టికల్ క్లాసు కూడా తప్పకూడదు. తప్పితే అనుమతి రద్దు, ఏడాది పోయినట్టే.

ఆ రోజు గురువారం.

నా ఉద్యోగం గురించి చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో వాళ్లకే అదేమిటో ఇంకా అర్థం కాలేదు. నేను పాఠం చెప్పను, గుమాస్తానూ కాను. క్లాసులకు రావడం మానేసినవాళ్లు, జబ్బుపడినవాళ్లు, హాస్టల్లో ఉండలేక ఏడ్చేవాళ్లు, ఇలాంటి ఒక్కొక్కరికీ నేనొక ఫైలు తెరుస్తాను. ఎందుకు రాలేదో కనుక్కుంటాను, ఇంటికి ఉత్తరం రాస్తాను, అవసరమైతే బస్సెక్కి వెళ్తాను, దారి దొరికేదాకా ఆ ఫైలు నా బల్ల మీదే ఉంటుంది. మా కరస్పాండెంటుగారు ఎక్కడో చూసి వచ్చి ఈ పోస్టు పెట్టించారు. బల్ల మీది చెక్క మీద 'విద్యార్థి సంక్షేమ సహాయకురాలు' అని ఉంటుంది. పిల్లలు మాత్రం 'ఫైళ్ల మేడం' అంటారు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు, పెళ్లై నలభై ఒక్క రోజులు. రెండోది ఎవరూ అడగకపోయినా చెప్పేస్తుంటాను.

ఉత్తరం పట్టుకుని సరాసరి కెమిస్ట్రీ లాబ్‌కు వెళ్లాను. అక్కడ దివాకర్ సార్ ఉంటారు. ఇంట్లో ఆయన్ను ఏమండీ అంటాను, కాలేజీలో సార్ అంటాను. ఆయన నన్ను కాలేజీలో మేడం అంటారు. మేమిద్దరం అలా పిలుచుకుంటుంటే పిల్లలు సీసాల వెనక మొహాలు దాచుకుని నవ్వుతారు. భద్రమ్మకు అనుమతి వచ్చిందని చెబితే ఆయన చాలా గంభీరంగా సంతోషం మేడం అని, ఎవరూ చూడకుండా కోటు జేబులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. సాయంత్రం దాకా ఆ బిళ్ల నా నోట్లో తియ్యగా ఉన్నట్టే అనిపించింది.

భద్రమ్మది బత్తలపల్లె దగ్గరి ఊరు. వాళ్ల నాయన పుల్లన్న పట్టుచీరలు నేస్తాడు. ఇరవై నాలుగు రోజులుగా ఆ పిల్ల కాలేజీకి రాలేదు. నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. ఇంక వెళ్లడం తప్ప దారి లేదు. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి తోడు వస్తానని ఆయనన్నారు. అవసరం లేదని ఒక్కసారి అన్నాను, రెండోసారి అనలేదు.

ఇంటికి వెళ్లి చెబితే మా అత్త వెంటనే లేచి ఒక స్టీలు పళ్లెం తుడిచింది. ఆమెది విడపనకల్లు. ఆ వైపు ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంటికి మొదటిసారి వెళ్తే వట్టి చేతులతో వెళ్లరట. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, టెంకాయ, పసుపు కుంకుమ, పైన మడిచిన రవికె గుడ్డ పెట్టి, నీళ్లు చల్లిన తడిగుడ్డ కప్పి ఇచ్చింది. ఫైలు సంచిలో, పళ్లెం ఒళ్లో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన ఉడికించిన చెనక్కాయలు కొని, ఒలిచి, ఒకటి నాకు, ఒకటి తనకు పంచుతూ వచ్చారు. ఎర్రటి దుమ్ము లోపలికి వస్తుంటే కిటికీ వేయమని ఎవరో అన్నారు. నాకు ఆ దుమ్ము కూడా బాగానే ఉంది.

ఊళ్లోకి వెళ్లగానే మగ్గాల చప్పుడు వినపడింది. పుల్లన్న ఇంట్లో మగ్గం ముందరి గదిలోనే, నేలలో తవ్విన గుంట మీద ఉంది. గుంటలో కాళ్లు పెట్టి పుల్లన్న కూర్చున్నాడు. ఆయన పక్కన పీట మీద, తలకు తువ్వాలు కట్టుకుని భద్రమ్మ. ఆయన చీర ఒళ్లుకు పోగు చుట్టిన నాడె విసిరిన ప్రతిసారీ ఆ పిల్ల అంచుకు వేరే నాడె విసురుతోంది. నన్ను చూసి మేడం అంటూ లేచింది. లోపలి నుంచి వాళ్ల అవ్వ కదిరమ్మ వచ్చింది. నేను నవ్వుతూ పళ్లెం ఆమె చేతుల్లో పెట్టాను.

ఆమె తడిగుడ్డ తీసి చూసింది. నన్ను చూసింది. వాకిట్లో చెప్పులు విడుస్తున్న ఆయన్ను, ఆయన తెల్లచొక్కాను చూసింది. చేతులు పైటకు తుడుచుకుని, పళ్లెం కళ్లకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టింది. భద్రమ్మను మొహం కడుక్కొమ్మని లోపలికి పంపింది. పుల్లన్న మగ్గం గుంటలోంచి లేచి చాప వేశాడు. పక్కింటి తిప్పమ్మ, ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గడప దగ్గర చేరారు. ఎంత మర్యాద అనుకున్నాను. ఉత్తరాలకు జవాబు రాయనివాళ్లు ఇంత బాగా చూసుకుంటారని నేను అనుకోలేదు.

ఫైలు తెరిచి, హాల్‌టికెట్ కోసం వివరాలు సరిచూడడం మొదలుపెట్టాను. పిల్ల పుట్టిన తేదీ అడిగాను. కదిరమ్మ తేదీతో పాటు వారం, వేళ కూడా చెప్పింది. హాజరు తగ్గిన కారణం రాయాలి కాబట్టి పెద్ద జబ్బులేమైనా చేశాయా అని అడిగాను. అమ్మవారు కూడా పొయ్యలేదని తిప్పమ్మ గడప దగ్గరి నుంచే సాక్ష్యం చెప్పింది. పుల్లన్న మగ్గం మీద నేసినంతవరకు చీరను విప్పి చూపించాడు. మామిడిపిందె రంగు ఒళ్లు, కుంకుమరంగు అంచు. రెండు రంగులూ కలిసేచోట ఒక్క పోగు కూడా ఎగుడు దిగుడు లేదు. నిజంగానే ముచ్చటేసి వేలితో తాకి చూశాను.

"అంచంతా పిల్లదే" అన్నాడు పుల్లన్న. "ఇంక కాలేజీకి పంపేది లేదు మేడమ్మా. మీరు అడగకముందే చెప్తాండా. ఇరవై నాలుగు దినాల నుంచి మగ్గం మీదనే ఉండాది."

అంత గర్వంగా ఎందుకు చెబుతున్నాడో నాకు అర్థం కాలేదు. చేతిలోని ఉత్తరం ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే లోపలి తలుపు దగ్గర గాజులు వినిపించాయి.

భద్రమ్మ వచ్చింది. తువ్వాలు లేదు. తల నిండా కనకాంబరాలు, నీలం పట్టుచీర, చేతిలో ఉప్మా ప్లేట్లు. కాలేజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కే పిల్ల, తల వంచుకుని గది దాటడానికి అరనిమిషం తీసుకుంది. మా ఆయన నా మోచేతిని మెల్లగా పొడిచారు. ఆయనకు ముందే అర్థమైంది. నాకు అప్పుడు అర్థమైంది. నేను తెచ్చిన పళ్లెం, మా అత్త ఊళ్లో మర్యాద. ఈ వీధిలో అది పెళ్లి మాట. మా ఆయన తమ్ముడికో ఎవరికో పిల్లను చూడటానికి వచ్చామని వీళ్లు అనుకున్నారు.

భద్రమ్మ నా ముందు ప్లేటు పెడుతూ, నాకు మాత్రమే వినపడేలా అడిగింది. "ఫైలు మూసేదానికి వచ్చినారా మేడం?"

ఆ మాట ఎందుకన్నదో నాకు తెలుసు. ఈ ఎనిమిది నెలల్లో నేను మూసిన ఫైళ్లలో నాలుగింటి మీద కారణం అన్నచోట 'వివాహం' అని నా చేత్తోనే రాశాను. ఆ పిల్ల ఒకసారి నా బల్ల దగ్గర నిలబడి ఆ మాట చదివింది కూడా. నలభై ఒక్క రోజులుగా ఆ మాట అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఆ క్షణంలో మాత్రం అది ఆ పిల్ల మొహం మీద వేసిన గొళ్లెంలా కనపడింది.

ప్లేటు పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా అత్త సంగతి, పళ్లెం సంగతి, మా ఆయనకు తమ్ముడే లేని సంగతి. తర్వాత ఉత్తరం చదివాను. రేపటి నుంచి ఒక్క పూట కూడా తప్పకుండా వస్తేనే పరీక్ష అని చెప్పాను. గడప దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పుల్లన్న మొహం నల్లబడింది. లేచి వెళ్లి గూట్లోంచి పళ్లెం తీశాడు.

"ఎత్తుకోని పోండమ్మా. నలుగురిలో మమ్మల్ని నవ్వులపాలు చేసినారు" అన్నాడు.

నేను చేయి చాపలేదు. కదిరమ్మ కొడుకు చేతిలోంచి పళ్లెం తీసుకుని మళ్లీ చాప మీద, నాకూ తనకూ మధ్య పెట్టింది.

"గూట్లో పెట్టిన తాంబూలం వెనక్కి పోకూడదురా పుల్లన్నా. అట్లని మాట లేకుండా తినేదీ మంచిది కాదు. దానికి ఏదో ఒక మాట ఉండాల" అంది. తర్వాత నావైపు తిరిగింది. "పెళ్లి మాట కాదంటివి. మరి యా మాటకు తెచ్చినావో నువ్వే చెప్పు తల్లీ."

"భద్రమ్మ పరీక్ష రాస్తుందనే మాటకు అవ్వా" అన్నాను.

"పరీక్షకు తాంబూలం మార్చుకునేది నేను ఈడనే చూస్తాండా" అంది తిప్పమ్మ. ఈసారి అందరూ నవ్వారు. పుల్లన్న నవ్వలేదు గానీ కూర్చున్నాడు.

మాట ఇవ్వడం తేలికేనని, మగ్గం ఎవరు చూస్తారని పుల్లన్న అడిగాడు. లోపలి గదిలోంచి భద్రమ్మ అమ్మ మారెక్క వచ్చి తలుపుకు ఆనుకుంది. కుడిచేయి మోచేతి దాకా పుత్తూరు కట్టులో ఉంది. ఇంతకాలం పక్కపీట ఆమెదే. నెల కిందట బావి దగ్గర జారి పడి చెయ్యి విరిగింది. ఇంకో నెలకు గానీ కట్టు విప్పరు. పడుగు మీద నేయాల్సినవి ఇంకా రెండు చీరలున్నాయి. కదిరమ్మకు జరీ పోగు కంటికి ఆనదు. పక్కన మనిషి లేకపోతే అంచు పడదు, అంచు లేకుండా ఒళ్లు పడదు. పుల్లన్న ఇదంతా కోపంతో కాదు, నాకు పని నేర్పుతున్నట్టు చెప్పాడు. ఉత్తరాలకు జవాబు ఎందుకు రాలేదో కూడా తెలిసింది. వస్తానని రాయలేక, రానని రాయడం ఇష్టం లేక భద్రమ్మ రెండింటినీ పుస్తకంలో దాచుకుంది.

ఫైలు వెనక అట్ట మీద పెన్సిలుతో గంటలు రాసుకున్నాను. తెల్లవారి అయిదు నుంచి పదకొండు దాకా మగ్గం. పన్నెండు గంటల బస్సు. ఒంటిగంటకల్లా కాలేజీ. ప్రాక్టికల్స్‌కు రెండు బ్యాచీలు ఉంటాయి. భద్రమ్మది పొద్దుటిది. మధ్యాహ్నం బ్యాచీ రెండింటికి మొదలవుతుంది. తలెత్తి ఆయనవైపు చూశాను. బ్యాచీలు వేసేది ఆయనే.

"కుదరదు మేడం" అన్నారాయన. నన్ను అలవాటుగా మేడం అన్నందుకు నాకు నవ్వొచ్చింది, ఆ సమయంలో కూడా. మధ్యాహ్నం బ్యాచీలో ఇరవై మంది, ఇరవై బ్యూరెట్లు. ఇంకొకరు వస్తే నిలబడి చూడాల్సిందే, చూస్తే హాజరు పడదు. అందరి పేర్లతో పట్టిక రేపు పదింటికి యూనివర్సిటీకి పోతుంది, తర్వాత మార్చడానికి లేదు.

బ్యూరెట్ అంటే ఏమిటని పుల్లన్న అడిగాడు. గాజు గొట్టమని, చుక్క చుక్కగా కొలిచి వదలడానికని భద్రమ్మ చెప్పింది. అంతసేపటికి ఆ పిల్ల తల పైకెత్తింది.

"ఇరవై పీటలున్నాయి సారూ. మధ్యాన్నం పీట మీంచి ఒకరు లేసి పొద్దుట్లోకి పోతే, మా పిల్ల ఆడ కూచుంటాది. కొరత యాడ వస్తాది?" అన్నాడు పుల్లన్న. "మగ్గం కాడ దినామూ చేసేది అదే గదప్పా."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఎం.ఎస్సీ.లో ఫస్టు క్లాసు. సిగ్గుపడినప్పుడు ముందు చెవులే ఎర్రబడతాయని నేను పెళ్లైన మూడో రోజే కనిపెట్టాను. ఎవరైనా ఇష్టపడి మారితే తనకు అభ్యంతరం లేదని, కానీ బలవంతంగా ఎవరినీ మార్చనని చెప్పారు. పొద్దుటి పూటకు రావడానికి ఎవరు ఒప్పుకుంటారో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. పదింటిలోగా ఒక్కరు ఒప్పుకోవాలి.

పుల్లన్న పళ్లెం దగ్గరికి జరిగాడు. ఒక తమలపాకు తీసి, ఈనె గిల్లి, వక్క పెట్టి మడిచి నోట్లో వేసుకున్నాడు. కదిరమ్మ తృప్తిగా తలాడించింది. ఆయన మాట ఒప్పుకున్నాడని నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. భద్రమ్మ నా పక్కన చతికిలబడి, నేను తాకని ఉప్మా ప్లేటు నా ఒళ్లోకి తోసి, చల్లారిపోతాందని అంది. నిమ్మకాయ పిండిన ఉప్మా. మొత్తం తిన్నాను. ఆయన ప్లేటులోది కూడా సగం తిన్నాను.

అయిదున్నర బస్సుకు మమ్మల్ని ఎక్కించడానికి తండ్రీ కూతుళ్లిద్దరూ రోడ్డు దాకా వచ్చారు. రేపటి మగ్గం పని ఎలా అని అడిగాను, పట్టిక పదింటికే పోతుంది, పిల్ల పొద్దున్నే రావాలి కదా అని.

"రేపు అమావాస్య. మగ్గం ముట్టేది లేదు" అన్నాడు పుల్లన్న. "ఏడు గంటల బస్సుకు నేనూ పిల్లా వస్తాండాం. సారును తొమ్మిదికే ఆ గది తెరవమని చెప్పు. మధ్యాన్నం పిల్లోళ్లందర్నీ నువ్వు ఒకచోట కూడెయ్ మేడమ్మా. వాళ్లను నేనే అడుగుతా."