నా స్ఫటికాలు

నేను కొబ్బరికాయ కోరుతుంటే మా అత్తగారు లోవమ్మగారన్నారు, "సాయంత్రం మూర్తిగారొస్తున్నారంట. ఆ మెరిసే రాళ్ళేవో ఇచ్చేసి పంపెయ్యమ్మా, గొడవొదిలిపోద్ది."

మూర్తిగారంటే అమలాపురంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో కెమిస్ట్రీ హెడ్డు, నరసింహమూర్తిగారు. ఆ రాళ్ళు నేను పెంచిన స్ఫటికాలు. క్లాసులయ్యాక, అందరూ ఇళ్ళకెళ్ళిపోయాక, ల్యాబులో ఒక్కదాన్నీ కూచుని పెంచుకున్నవి. అతినీలలోహిత దీపం కింద పెడితే వెలుగుతాయి. పదార్థం ఒకటే. ఒక ద్రావణంలో పెంచితే ఆకుపచ్చగా, ఇంకోదాంట్లో పెంచితే నారింజరంగులో. లోపల అణువులు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకుంటే అలా మారుతుంది రంగు. మొదటిసారి ఆ నారింజ వెలుగు చూసిన రోజు ఎవరికైనా చెప్పాలని పరుగున ఇంటికొచ్చేను. మా ఆయన సత్యప్రసాద్ పేపర్లోంచి తలెత్తకుండా "పాలు తోడెట్టేవా?" అన్నారు. ఆ తర్వాత ఇంట్లో చెప్పడం మానేసేను.

రెండువేల నాలుగులో హైదరాబాదు పరిశోధనశాల ఒకటి నన్ను రమ్మంది. స్ఫటికాల్ని సన్నటి రేణువులు చేసి జీవకణాల్లోకి పంపితే, ఆ వెలుగులో కణం లోపల ఏం జరుగుతోందో కనబడొచ్చని వాళ్ళ ఆశ. వేసవి దాకా అక్కడే ఉండాలి.

"ఆడదానివి, అన్నాళ్ళు ఎక్కడుంటావు? నీ బదులు మూర్తిగారెళ్తారంట. ఆ పరిశోధన మీద నీ పేరు కూడా వేస్తార్లే" అన్నారు మా ఆయన.

ఆ 'కూడా' దగ్గర ఆగిపోయేను. ఇంటెడు చాకిరీతో పాటు ఉద్యోగం కూడా. అందరూ తిన్నాక నేను కూడా. ఇప్పుడు నా స్ఫటికాల మీద నా పేరు కూడానా?

సాయంత్రం మూర్తిగారొచ్చేరు. కాఫీ ఇచ్చేను.

"మీ ఇంటి ఇబ్బందులు నాకు తెల్సమ్మా. ఆ స్ఫటికాల డబ్బాలిచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు, ఎంతో దయగా.

"నారింజరంగువి ఎలా పెంచేరని అక్కడ అడిగితే ఏం చెప్తారండీ?"

"మీరు రాసిచ్చెయ్యండి."

"రాసివ్వనండి. డబ్బాలూ ఇవ్వనండి. నేనే వెళ్తున్నాను."

మా ఆయన నవ్వబోయేరు. "ఏదో సరదాకంటోందండీ."

"సరదాక్కాదండీ. ప్రిన్సిపాల్‌గారి దగ్గర సెలవు తీసుకున్నాను. ఎల్లుండి బస్సుకి టికెట్టు కూడా తీసేసుకున్నాను."

మూర్తిగారు సగం తాగిన కప్పు బల్ల మీద పెట్టేసి, వస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయేరు.

వీధి తలుపేసి వచ్చి మా ఆయన గొంతు పెంచేరు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే వేణ్ణీళ్ళెవరు పెడతారు? మందెవరు రాస్తారు?"

అత్తగారు నావైపే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఈ మాట దగ్గరే నేను తల వంచుకునేదాన్ని.

"ఆవిడకి కొడుకున్నాడు కదండీ" అన్నాను.