వరస కలిపిన పాపానికి

పిన్నీ అని పిలవడం ఒక టెక్నిక్ అని చిరునవ్వు సారు చెప్పేదాకా నాకు తెలియదు.

ఆయనకి అసలు పేరు వేరే ఉంది కానీ లాండ్రీలో ఎవరూ అది వాడరు. మనిషిని పనిలోంచి పంపించేటప్పుడు కూడా ఆయన పెదవుల మీద నవ్వు చెదరదని మడతల సెక్షన్ ఆడవాళ్లు పెట్టిన పేరు అది. ఆయన అక్కడ హెచ్.ఆర్. మేనేజరు. నేను మానవ వనరుల నిర్వహణలో పీజీ చేస్తూ, ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు కోసం ఆయన కింద చేరిన ట్రైనీని. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువాళ్లు బస్తాల్లో వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపుతారు. లోపల ఎప్పుడూ ఆవిరి, సబ్బు వాసన, చెవులు దిబ్బళ్లు పడే మోత.

మా ఇంట్లో డిగ్రీ దాటినదాన్ని నేనే. ఆ మాటకొస్తే కాలేజీ గడప తొక్కినదాన్నీ నేనే. చుట్టుపక్కలవాళ్లు అడిగితే మా అమ్మ నాది "మనుషుల చదువు" అని చెప్తుంది. "డాక్టరా?" అంటే, "కాదమ్మా, మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టే చదువు" అంటుంది. తీసేసేది కూడా ఆ చదువేనని అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు.

నా ప్రాజెక్టు గైర్హాజరు మీద. పనివాళ్లు ఎందుకు నాగాలు పెడుతున్నారో కనుక్కుని రాయాలి. మొదటిరోజే సూపర్‌వైజరు చెప్పాడు, ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి, బ్యాడ్జీ మీద రాసి ఉంటుంది చూసుకోమని. మా పాఠ్యపుస్తకంలోనూ అదే ఉంది. పేరుతో పిలిస్తే సమానత్వం, గౌరవం అని. ఆ పుస్తకం రాసినాయన మా అమ్మ వయసు మనిషి ఎదుట నిలబడి పేరు పెట్టి పిలిచి చూసి ఉండడు. నాకు మాత్రం నోరు రాలేదు. కాగితం, పెన్ను పట్టుకుని గోడ పక్కన నిలబడిపోయాను.

మడతల బల్ల దగ్గర ఒకావిడ పెద్ద దుప్పటి ఒక్కతే పట్టుకుని అవస్థ పడుతోంది. జంటగా మడతపెట్టే మనిషి ఆరోజు రాలేదు.

"ఏయ్ బ్యాడ్జీ పిల్లా! నిలబడి చూసే ఉద్యోగమా నీది? ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను. ఆవిడ ఒక్క గుంజు గుంజేసరికి దుప్పటితో పాటు నేనూ వెళ్లి బల్ల మీద పడ్డాను.

"మెల్లగా పిన్నీ!"

ఆవిడ ఆగింది. "ఏమన్నావు?"

"పిన్నీ అన్నాను."

"అనుకో, తప్పులేదు. కానీ వరస కలిపి వదిలేస్తే ఊరుకోను చెప్తున్నా. నేను మంచాన పడితే చూడ్డానికి రావాలి. నీ పెళ్లికి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాలి."

"పెళ్లికొడుకుని కూడా నువ్వే వెతుకు పిన్నీ."

"వెతుకుతాలే. ముందు దుప్పటి పట్టుకోవడం నేర్చుకో."

ఆ తర్వాత నేను అడగాల్సిన అవసరమే రాలేదు. పిన్ని చెప్పింది, పిన్నిని చూసి మిగతావాళ్లూ చెప్పారు. ఇస్త్రీ మిషను దగ్గర గాలి ఆడదని, కళ్లు తిరుగుతాయని. బాత్రూముకి వెళ్లొస్తే సూపర్‌వైజరు అందరికీ వినబడేలా దగ్గుతాడని, అందుకని నీళ్లు తాగడమే మానేశామని. ఒళ్లు బాగాలేని రోజు సెలవు అడిగితే ఇవ్వరు కాబట్టి అడక్కుండానే మానేస్తున్నామని. ఇవన్నీ పేర్లు లేకుండా పూసగుచ్చినట్టు రాసి, ఫ్యాన్లు పెట్టమని, విరామం ఇవ్వమని సూచనలు చేర్చి చిరునవ్వు సారుకి ఇచ్చాను.

ఆయన దాన్ని చదవకుండానే పక్కన పెట్టారు. ఆయన గదికి అద్దం గోడ ఉంది. పైనుంచి కింద హాలంతా కనిపిస్తుంది.

"మిమ్మల్ని గమనిస్తున్నాను. ఆ పిన్నీ, పెద్దమ్మా అనడం చాలా న్యాచురల్‌గా వస్తోంది మీకు. ఎక్కడ నేర్చుకున్నారు? సిలబస్‌లో పెట్టారా?"

"లేదు సార్. ఇంట్లో."

"అద్భుతమైన టెక్నిక్. అందరి చేతా చేయించాలి."

అన్నంత పనీ చేశారు. మర్నాటి నుంచి ఆఫీసువాళ్లందరూ పనివాళ్లని వరసలు పెట్టి పిలవాలని హుకుం. మొదట ఆయనే కిందకి దిగారు. నెరిసిన మీసం, మెడలో టై. నేరుగా పిన్ని దగ్గరికే వచ్చారు. పిన్ని ఆయనకంటే బాగా చిన్నది.

"ఏం పిన్నీ, బాగున్నారా?"

పిన్ని చేతిలో దుప్పటి వదల్లేదు. "నేను మీకు పిన్నినైతే మీ నాన్నగారు నాకు బావగారవుతారు సారూ. ఒకసారి బావగారిని పంపండి. ఈ ఆవిరిలో మరదలు ఎట్లా ఉడికిపోతోందో చూసి వెళ్తారు."

హాలు హాలంతా గొల్లుమంది. సూపర్‌వైజరు అది చూసి కూడా బుద్ధి తెచ్చుకోక, ఇస్త్రీ మిషను ఆవిణ్ని "అత్తా" అన్నాడు. "అల్లుడా, ఆగాగు. మా అమ్మాయి నీ దగ్గు విని ఒప్పుకోవద్దూ?" అందావిడ. నాకు నవ్వీ నవ్వీ కడుపునొప్పి వచ్చింది.

చిరునవ్వు సారు కూడా నవ్వారు. పైకెళ్లాక, "చూశారా, వాతావరణం ఎంత తేలికపడిందో" అన్నారు. ఫ్యాన్లు మాత్రం రాలేదు.

ఫ్యాన్ల బదులు మిషను వచ్చింది. ఇస్త్రీ అయిన దుప్పటిని అదే లాక్కుని అదే మడతపెట్టే మిషను. దాన్ని బిగిస్తున్న రోజుల్లోనే పిన్ని కళ్లు తిరిగి బల్ల పక్కన కూలబడింది. నీళ్లు చల్లితే లేచి, ఎవరూ చూడలేదన్నట్టు మళ్లీ దుప్పటి పట్టుకుంది. కానీ అద్దం గోడ వెనక నుంచి చూడాల్సినాయన చూశాడు.

నన్ను పిలిచి తలుపు వేయమన్నారు.

"చిన్నవాళ్లని వేరే సెక్షన్లలో సర్దుతున్నాం. మీ పిన్నిగారు మానేస్తున్నారు."

"మానేస్తానందా సార్?"

"అంటారు. మీరు చెప్తే."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆయన ఓపిగ్గా వివరించారు. ఆరోగ్యం బాగాలేక స్వచ్ఛందంగా మానేస్తున్నట్టు కాగితం తయారుగా ఉందట. నేను పక్కన కూర్చుని, "నీ ఆరోగ్యం కోసమే పిన్నీ" అంటే చాలట. నేనంటే ఆవిడకి నమ్మకమట.

"కొత్త మిషను వల్ల మనిషిని తీసేస్తే దానికో పద్ధతి ఉంది సార్. ముందుగా చెప్పాలి. ఇవ్వాల్సింది ఇవ్వాలి. మేం చదువుకున్నాం."

"కరెక్టుగా చదువుకున్నారు. అందుకే మనం తీసేయడం లేదు. ఆవిడే వెళ్తున్నారు." అదే నవ్వు. "ఈ ఒక్కటి శుభ్రంగా చేయండి. మీ సర్టిఫికెట్టుతో పాటు ఇక్కడే ఉద్యోగం. మీ ఇంట్లో మొదటి ఆఫీసు ఉద్యోగం కదూ? చేయకపోతే, సారీ, ప్రాజెక్టు పూర్తయినట్టు నేను సంతకం పెట్టలేను."

బయటికొచ్చి కాలేజీలో మా గైడ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. మొత్తం విని ఆవిడ నిట్టూర్చారు. "అది కంపెనీ అంతర్గత విషయం. నువ్వు స్టూడెంట్‌వి. ఆవేశపడి సెమిస్టరు పోగొట్టుకోకు తల్లీ."

తల్లీ! క్లాసులో ఏనాడైనా నన్ను తల్లీ అన్నదా ఈవిడ? రోల్ నంబరుతో తప్ప పిలిచిందా? నోరు మూయించాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరికీ ఎక్కడలేని చుట్టరికాలూ గుర్తొస్తాయి. ఫోన్ పెట్టేశాను. పిన్ని అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయింది, తనకి చేశాను. ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను, స్విచ్ఛాఫ్.

ఇంట్లో అమ్మ బట్టలు ఆరేస్తోంది. చెప్పాను.

"ఆవిణ్ని పిన్నీ అని పిలిచావా?"

"పిలిచాను."

"అయితే నాకు చెల్లెలు. నా చెల్లెల్ని నా కూతురి చేతే గెంటిస్తాడా వాడు? వాడికి అక్కాచెల్లెళ్లు లేరా?" తడి చీర ఒక్క విదిలింపు విదిలించింది. నీళ్లన్నీ నా మొహాన పడ్డాయి. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "నీ చదువు పోతుందా?"

"పోదు. వెనకపడుతుంది. ఇంకోచోట మళ్లీ మొదటినుంచీ చేయాలి."

అమ్మ ఆ చీర ఆరేసి క్లిప్పులు పెట్టింది. "నీకు నేను చెప్పలేను. నీ ఇష్టం" అంది. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఆ కష్టం చూసి నాకొచ్చిన కోపం కూడా చిరునవ్వు సారు మీదకే వెళ్లింది.

పొద్దున్నే పిన్నికి ముందే చెప్పేద్దామని గేటు దగ్గర కాపు కాశాను. సూపర్‌వైజరు ఆవిణ్ని వెనక గేటులోంచి నేరుగా పైకి తీసుకుపోయాడు. నన్ను పిలిచేసరికి పిన్ని కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఏసీ గదిలో చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"నువ్వున్నావా! అమ్మయ్య. ఎందుకు పిలిచారో ఏమోనని గుండెలు గుబగుబలాడిపోయాయనుకో."

"ఎందుకు భయం పిన్నీ?" అన్నారు చిరునవ్వు సారు, కాగితం ఆవిడ వైపు జరుపుతూ. "మీ అమ్మాయే ఉంది కదా. మీ అమ్మాయే చెప్తుంది, వినండి." నాకేసి చూసి తల ఊపారు.

నోరు తెరిచాను. పిన్నీ అన్న మాట నాలుక మీదకి వచ్చింది. ఆయన ఇప్పుడే ఎంగిలి చేసిన ఆ మాటని ఆ కాగితం పక్కన పెట్టడం నాకు చేతకాలేదు.

"మీ పేరు చెప్పండి" అన్నాను.

పిన్ని తెల్లబోయింది. "ఏంటే?"

"మీ పేరండీ. ఇది ఆఫీసు. ఇక్కడ మీరు ఉద్యోగి, ఈయన మేనేజరు, నేను ట్రైనీని. ఈ గదిలో ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఒళ్లు బాగాలేక మీ అంతట మీరే మానేస్తున్నారని ఆ కాగితంలో ఉంది. మీరు మానేస్తున్నారా అండీ?"

"నేనెందుకు మానేస్తాను? ఎప్పుడన్నాను?"

"అననప్పుడు సంతకం పెట్టకండి. కొత్త మిషను వచ్చిందని మిమ్మల్ని పంపించేయాలని చూస్తున్నారు. పంపించాలంటే వాళ్లే తీసేయాలి, ముందుగా చెప్పి, మీకు రావాల్సింది ఇచ్చి. మీ అంతట మీరు మానేస్తే అవేవీ రావు. అందుకే ఇంత ప్రేమ."

చివరి మాట అరిచినట్టే అన్నాను. చిరునవ్వు సారు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు నన్ను నమిలేస్తున్నాయి.

"మీ అమ్మాయికి అనుభవం తక్కువ పిన్నీ, మీరేమీ..."

పిన్ని లేచింది. కాగితాన్ని ఒక్క వేలితో ఆయనవైపు తోసేసింది.

"మీరు కూడా నా పేరు పెట్టే పిలవండి సారూ. మీ నోటికి ఆ వరస అంటించింది ఇదే. దీని సంగతి నేను బయట చూసుకుంటాను. సంతకం పెట్టను. తీసేస్తారా, తీసేయండి. మీరే తీసేశారని రాసివ్వండి."

మెట్ల మీద నా రెక్క పుచ్చుకుని ఆపింది.

"పేరడుగుతావే నన్ను? పేరు!"

"ఆ మాట వాడి ముందు అనలేకపోయాను. వాడు దాన్ని..."

"వాడి మొహం! వాడన్నాడని నువ్వు మానేస్తావా? పిన్నీ, సంతకం పెట్టకే అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? వాడి ముందు నన్ను పరాయిదాన్ని చేసి నిలబెట్టావు. ఒక్క క్షణం నువ్వు కూడా వాళ్ల మనిషివే అనుకున్నాను, తెలుసా?"

నాకు ఏడుపు రాలేదు. అంత కోపంగా ఉంది. ఆయన మీద, గైడ్ మీద, నా మీద, చివరికి పిన్ని మీద కూడా. ఆవిడ కోసం సెమిస్టరు వదులుకుంటే నన్నే తిడుతోంది. అలాగని తిట్టడంలో తప్పేమీ లేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఈలోగా సెక్యూరిటీ అతను మెట్లెక్కి వచ్చి, నేల చూపులు చూస్తూ, బ్యాడ్జీ ఇచ్చేయమన్నారని చెప్పాడు. మెడలోంచి తీసి ఇచ్చాను. అప్పుడర్థమైంది పిన్నికి.

"నీ చదువు?"

"ఇంకోచోట చేసుకుంటాను."

పిన్ని మెత్తబడుతుందనుకున్నాను. ఎక్కడ!

"ఇందాక లోపల ఏదో చెప్పావు. ముందుగా చెప్పాలి, రావాల్సింది ఇవ్వాలి అని. ఆ మిషనుతో పోయేది నేనొక్కదాన్నే కాదు. డ్యూటీ దిగాక అందరినీ తీసుకొస్తాను. గేటు బయట ఉండు. అర్థమయ్యేట్టు చెప్పాలి, నీ పుస్తకాల భాషలో కాదు. ఎండలో నిలబడలేనని వెళ్లిపోయావంటే మాత్రం చూడు."

"వెళ్లను."

"వెళ్లను ఏమిటి? ఎవరితో మాట్లాడుతున్నావు?"

"వెళ్లను పిన్నీ."

"ఊ" అని, కొంగు బిగించి హాల్లోకి వెళ్లిపోయింది. నేను గేటు దాటి రోడ్డుకి అవతల గోడ నీడలో నిలబడ్డాను. చిరునవ్వు సారు అద్దం గోడలోంచి ఇటువైపు కనబడదు. సంచిలోంచి చట్టాల పుస్తకం తీసి, ఏది ముందు చెప్పాలో చూసుకోవడం మొదలుపెట్టాను.