సాక్షి పళ్ళెం

ఆకుల గదిలో ఒక కట్టుబాటు ఉంది. గాజు పళ్ళేల్లో జెల్లీ పోసిన ప్రతిసారీ, ఒక పళ్ళెం మీద ఎవరో ఒకరు చెయ్యి కడుక్కోకుండా బొటనవేలు నొక్కాలి. దాన్ని సాక్షి పళ్ళెం అంటారు. మనిషి వేలన్నాక దాని మీద కంటికి కనిపించని జీవులు కోకొల్లలు. గంటకోసారి సబ్బు రుద్దుకునేవాళ్ళ వేలైనా అంతే. పళ్ళేన్ని వెచ్చటి అలమరలో పెడితే ఆ జీవులు జెల్లీ తిని, పెరిగి, చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. బయటపడితే జెల్లీ మంచిది. పడకపోతే జెల్లీ చెడిందని లెక్క, దాంతోపాటు పోసిన పళ్ళేలన్నీ చెత్తబుట్టలోకే.

ఆ గదిలో పనిచేసేది ఒక్క మనిషే. తోటలో అందరూ ఆమెను ముద్రలమ్మ అంటారు. తోట అంటే పూలతోట కాదు, ఇళ్ళ ముందు గోడల్లా పెంచుకునే పొదల్ని వరసలు వరసలుగా పెంచి అమ్మే చోటు. ఆ పొదల ఆకులు కోసుకొచ్చి జెల్లీ మీద ఒత్తి, ఏ ఆకు మీద ఎవరు కాపురముంటున్నారో చూడడం ఆమె ఉద్యోగం. బాగున్న ఆకు ముద్ర చూడముచ్చటగా ఉంటుంది. ఈనెల వెంట గులాబీరంగు చుక్కలు, అంచుల్లో పసుపు, అక్కడక్కడా మీగడరంగు. ఆకు తీసేసినా ఆకు బొమ్మ మిగులుతుంది. మనుషులతో పొసగదు గానీ బూజుతో మాత్రం భలే పొసగుతుందని వదిన ఎగతాళి చేసేది. అందులో అబద్ధమేమీ లేదు.

పొదలకు మందు కొట్టేది ఆమె అన్నయ్య. చిన్నప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పింది ఆయనే. అమ్మ పనికి పోయేది, నాన్న లేడు. ఆ భుజం మీది చెమట, సబ్బు కలిసిన వాసన ఆమెకు ఇప్పటికీ గుర్తే. కళ్ళు మూసుకుని వందమందిలో నిలబెట్టినా అన్నయ్యను వాసనతో పట్టేస్తానని పందెం కాసేది.

ఆ ఏడు తోటలోకి కొత్త మందు వచ్చింది. జబ్బు వచ్చాక కాదు, రాకముందే కాపాడేది. కొనేవాళ్ళకు ఆకు మీద ఒక్క మచ్చ కనిపిస్తే చాలు, వచ్చిన బండి వచ్చినట్టే వెనక్కి తిరుగుతుంది. అందుకని యజమాని ఆ మందును నెత్తిన పెట్టుకున్నాడు. అన్నయ్య వీపున ట్యాంకు తగిలించుకుని, గ్లవ్స్ వేసుకుంటే నాజిల్ మాట వినదని ఉత్తి చేతులతోనే తిప్పుకుంటూ, వరస వరసా తడిపాడు. ఆకులు కడిగిన అద్దాల్లా మెరిశాయి. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది.

మందు కొట్టిన ఆకుల మీద ఏముందో చూడమని యజమాని ఆమెకు చెప్పాడు. ఆమె జెల్లీ పోసే వేళకు అన్నయ్య రెండు గ్లాసుల టీతో వస్తాడు, వచ్చినవాడి బొటనవేలే సాక్షి అవుతుంది. తోటలో అంత మురికి వేలు ఇంకొకటి లేదని ఆమె వేళాకోళం. ఆ రోజూ అలాగే ఆకులు ఒత్తింది, అన్నయ్య వేలు నొక్కాడు. అలమర తెరిచి చూస్తే ఆకుల పళ్ళేలు ఖాళీ. సాక్షి పళ్ళెమూ ఖాళీ.

జెల్లీ చెడిందనుకుంది. అన్నీ పారేసి, పొడి అమ్మినవాడిని ఫోన్లో నాలుగు దులిపి, కొత్త పొడితో మళ్ళీ పోసింది. మళ్ళీ ఖాళీ. మళ్ళీ పారేసింది. బయటివాళ్ళెవరైనా అయితే ఆకుల్లో ఏదో ఉందని అప్పుడే అనుమానపడేవాళ్ళు. ముద్రలమ్మకు ఆ ఆలోచనే రాలేదు. మనిషి వేలు ఖాళీగా ఉండడమనేది ఆమె చదువులో లేదు మరి. పరీక్ష తేలలేదని యజమానికి చెప్పింది, తేలేదాకా మందు ఆపేదేముందని ఆయన కొట్టిస్తూనే పోయాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్ళింది. వదిన వంటింట్లోకి పిలిచి, గట్టు మీదున్న పాలగిన్నె చూపించి, ఎప్పటివో చెప్పుకోమంది. ఈ పొద్దుటివని ఈమె అంది. కావట. అన్నయ్య పొయ్యి మీంచి దించిన పాలు, ఎన్నాళ్ళనుంచో ఫ్రిజ్ బయటే ఉన్నాయి. విరగలేదు, పులవలేదు, తోడు వేసినా పెరుగు కాలేదు. ఆయన కోసిన రొట్టె బూజు పట్టలేదు.

"మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ గిన్నె వంక చూడాలంటే భయమేస్తోంది" అంది వదిన మెల్లగా.

అన్నం తింటున్నప్పుడు ముద్రలమ్మ చూపు అన్నయ్య వేలి మీద పడింది. కత్తెరకు తెగిన గాటు. పొదలు చిగురు వేసే రోజుల్లో తెగిందది, కట్టు కట్టింది తనే. ఇప్పుడు చిగుళ్ళు ముదిరి కొమ్మలైపోయాయి. గాటు మాత్రం ఇప్పుడే తెగినట్టు ఎర్రగా, శుభ్రంగా తెరుచుకునే ఉంది. చీము లేదు, పొక్కు కట్టలేదు. నొప్పి కూడా లేదన్నాడాయన.

మర్నాడు ఒకే పళ్ళెం మీద తన వేలు ఒక పక్క, అన్నయ్య వేలు ఒక పక్క నొక్కించింది. అలమర తెరిచేసరికి ఆమె వైపు మీగడరంగు చుక్కలు జాతరలా కిక్కిరిసి ఉన్నాయి. ఆయన వైపు జెల్లీ అద్దంలా నిగనిగలాడుతోంది. జెల్లీ మొదటినుంచీ నిజమే చెప్పింది. తనే సాక్ష్యాన్ని రెండుసార్లు చెత్తబుట్టలో వేసింది.

ముద్రలమ్మ వరసల్లోకి నడిచింది. చూడడానికి వచ్చాక గానీ అక్కడ ఏమేం లేవో తెలియలేదు. చీమలు లేవు. పొదల కింద ఎప్పుడో రాలిన ఆకులు కుళ్ళలేదు, రాలినవి రాలినట్టే పడున్నాయి. ముందురోజు వాన పడింది, నేల తడిగా ఉంది, కానీ మట్టి వాసన రావడం లేదు. చిట్టచివరి వరస దగ్గర ఆగింది. వరస వరసంతా, ఒక్క ఆకు మిగలకుండా, బూడిదరంగు పొర కప్పేసింది. నిన్న అది లేదు. ఆ బూజు ఆమెకు తెలుసు. మామూలు ఆకు మీదైతే దానికి గోరంత చోటు దొరకడం గగనం, ఉన్నవాళ్ళు జరగరు. ఇక్కడ అడ్డం చెప్పే దిక్కు లేదు. ఇల్లు ఖాళీగా ఉంటే దయ్యాలు కాపురం పెడతాయని ఊరికే అనలేదు. ఆ వరస ముందు నిలబడి ఆమె ఆకుల గురించి ఆలోచించలేదు, అన్నయ్య చేతుల గురించే ఆలోచించింది.

టీ తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి విషయం చెప్పింది.

"అన్నయ్యా, నీ చేతుల మీద ఎవరూ లేరు."

"ఉండాలా?"

"ఉండాలి. ఇంకెవరూ రాకుండా కాపలా కాసేది వాళ్ళే."

ఆయన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మరిప్పుడు ఎవరొస్తారు చిట్టీ?" అన్నాడు.

చివరి వరస చూశాక యజమాని మందు ఆపించాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తిట్టుకున్నాడు, తెప్పించింది తనేనని మర్చిపోయి. పంపు గది వెనక మందు పడని మూల ఒక ముసలి పొద ఉంది. దుమ్ము, మచ్చలు, నత్తలు కొరికిన చిల్లులు. పీకేయమని యజమాని ఎన్నిసార్లు చెప్పినా అన్నయ్య బద్ధకించాడు. ఇప్పుడు తోట మొత్తానికి ఆకుల మీద జీవులు మిగిలిన పొద అదొక్కటే. ముద్రలమ్మ దాని ఆకులు బకెట్లో వేసి, నీళ్ళు పోసి, చాలాసేపు కలిపింది. ఆ నీళ్ళు వరసల మీద చల్లింది. ప్రతి సాయంత్రం అన్నయ్య చేతులు మోచేతులదాకా అందులో ముంచి కూర్చోబెట్టింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు అన్నాచెల్లెళ్ళు" అంది వదిన.

"ఆ ఆకులే పట్టుకోనీ వదినా" అంది ఈమె.

మనిషి చేతికి మనిషి చెయ్యి చాలునని ఆమెకు తట్టనే లేదు. ఆకులతో బతికే మనిషికి ముందు ఆకే గుర్తొస్తుంది.

వరసలు తేరుకున్నాయి. బూజు పొర చిరిగింది, చీమలు తిరిగొచ్చాయి. వదిన ఫోన్ చేసి, పాలు విరిగిపోయాయని సంబరంగా చెప్పి ఏడ్చేసింది. అన్నయ్య గాటు మూసుకుంది. అది మూసుకున్నచోట సన్నటి ఆకుపచ్చ గీత మిగిలింది, దాన్నెవరూ పట్టించుకోలేదు. ముద్రలమ్మ సంతోషంగా జెల్లీ పోసి, అన్నయ్య వేలు మళ్ళీ సాక్షిగా నొక్కించింది. చుక్కలొచ్చాయి. గులాబీరంగువి, పసుపువి. వేలి గీతల వెంట రాలేదవి. మధ్యలో ఒక ఈనె, దాన్నుంచి రెండు పక్కలా చీలిన సన్న ఈనెలు. మీగడరంగు చుక్క ఒక్కటీ లేదు. బొటనవేలు నొక్కినచోట ఆకు బొమ్మ తేలింది.

ఆ పళ్ళేన్ని ఆమె ఎవరికీ చూపించలేదు. కానీ వదినకు పళ్ళేలు అక్కర్లేదు, మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అన్నం సగమే తింటున్నాడట. పెరట్లో కుర్చీ వేసుకుని, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంటున్నాడట. ఎండ జరిగేకొద్దీ కుర్చీ జరుపుకుంటున్నాడట.

"పిలిస్తే పలుకుతాడు, నవ్వుతాడు. కాకపోతే ముందు ఎవర్నో అడిగి, వాళ్ళు సరేనన్నాక పలికినట్టుంటుంది" అంది వదిన.

ముద్రలమ్మ వెళ్ళేసరికి ఆయన పెరట్లోనే ఉన్నాడు. చూసి నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. పక్కన కూర్చుని, చిన్నప్పటిలా భుజానికి తల ఆనించింది. చెమట లేదు, సబ్బు లేదు. వానకు తడిసిన ఆకు వాసన. వందమందిలో పట్టేస్తానని పందెం కాసిన మనిషి, ఒక్కడే ఉన్నా పట్టుకోలేకపోయింది. బూజు పట్టకుండా కాపాడుకున్న అన్నయ్యను తన చేత్తోనే పొదకు అప్పగించానని ఆమెకు అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన అరచేతిని తన అరచేతిలోకి తీసుకుని, సందు లేకుండా బిగించి పట్టుకుంది.

"ఎండ బాగుంది, కూర్చో" అన్నాడాయన.

కూర్చుంది. ఎండ గోడ దిగేదాకా చెయ్యి వదల్లేదు. ఆ తరవాత రోజూ పని అయ్యాక వెళ్ళి అలాగే కూర్చుంది. ఇంకో చెయ్యి వదిన పట్టుకునేది. ఒకనాడు ఆయన పలకడంలో ఆలస్యం కొంచెం తగ్గినట్టు వదినకు అనిపించింది. ఇంకోనాడు చెల్లెలి తలకు తగిలిన భుజం మీద, ఆకు వాసన అడుగున ఎక్కడో, సబ్బు వాసన వచ్చినట్టే వచ్చి పోయింది.

మళ్ళీ జెల్లీ పోసింది. అన్నయ్య వేలు ఒక పళ్ళెం మీద, తన వేలు ఇంకో పళ్ళెం మీద. ఈసారి అలమర తలుపు మెల్లగా తెరిచింది. ఆయన పళ్ళెంలో ఈనెల మధ్య, గులాబీ చుక్కల గుంపులో, మీగడరంగు చుక్క ఒకటి చోటు చేసుకుని కూర్చుంది. అది తనదే, ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పళ్ళేన్ని గుండెకు హత్తుకుంది.

తరవాత తన పళ్ళెం తీసింది. తన మీగడ చుక్కల మధ్య గులాబీరంగు గీత ఒకటి సన్నగా సాగి, రెండుగా చీలుతోంది. ఇచ్చిపుచ్చుకోవడమన్నాక వట్టి చేతులతో ఎవరొస్తారు? అన్నయ్య సగం తిరిగొచ్చాడు, అందుకు తనలో ఎంత పోయినా సరేననుకుంది. రెండు పళ్ళేలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. టీ వేళయింది గానీ ఆకలీ దాహమూ అనిపించలేదు. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంది. ఎండ బాగుంది.