ఎంగిలి కాని సీసా

చెన్నయ్య పేరు వింటే చాలు, బాలకిషన్‌కు ఒళ్లు మండేది. బాత్రూం యాసిడ్ అమ్మే చెన్నయ్య. అంత జరిగాక కూడా ఆ మనిషి గల్లీలోకి రావడం మానలేదు. వారానికోసారి పొద్దున్నే "యాసిడ్, ఫినాయిల్" అని సాగదీసి అరుస్తూ అశోక్‌నగర్‌లో తోపుడుబండి తోసుకొచ్చేవాడు. బండిమీద అవే కూల్‌డ్రింక్ సీసాలు, మూతికి కాగితం ఉండ కుక్కినవి. ఆ కేక చెవిన పడగానే బాలకిషన్ తింటున్న పళ్లెం పక్కకు నెట్టి, చొక్కా తగిలించుకుని నారాయణగూడలో ఉన్న తన దుకాణానికి వెళ్లిపోయేవాడు.

ఆ దుకాణంలో అతను సోఫాలకు, స్కూటర్ సీట్లకు రెగ్జిన్ కుడతాడు. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి అదే పని. ఇల్లేమో మూడు కాపురాలకు ఒకటే బాత్రూం ఉన్న కిరాయి ఇల్లు. భార్య విద్యావతి. ఒక్కగానొక్క కొడుకు సృజన్.

ఆ ఇంట్లో నీళ్ల సీసా ఎవరూ మూతికి పెట్టుకోరు. పైకెత్తి నోట్లో పోసుకోవలసిందే. సీసా ఒకటి, తాగేవాళ్లు పదిమంది, ఎవరి ఎంగిలి ఎవరు తాగుతారు? ఈ మాట బాలకిషన్‌కు వాళ్ల నాన్న చెప్పాడు, బాలకిషన్ తన కొడుక్కి చెప్పాడు. అయిదేళ్లు నిండేసరికే సృజన్‌కు మెడ వెనక్కి వాల్చి, చొక్కామీద చుక్క పడకుండా గటగటా తాగడం వచ్చేసింది. ఇంటికెవరొచ్చినా బాలకిషన్ వాడి చేతికి సీసా ఇచ్చి తాగి చూపించమనేవాడు. దుకాణానికి కొబ్బరిపీచు తెచ్చిచ్చే ఓదెలు ఒకసారి చూసి నోరు తెరిచాడు.

"ఏందన్నా, పోరని నోట్లెకు నల్లా కనెక్షన్ ఇచ్చినవా?"

కొడుకు కంటే తండ్రే ఎక్కువ మురిసిపోయాడు.

తొంభై అయిదు, మే నెల. మిట్టమధ్యాహ్నం దాకా గల్లీలో గోలీలాడి సృజన్ ఉడికిపోయి ఇంట్లోకి వచ్చాడు. ఆ పొద్దున విద్యావతి యాసిడ్ పోయించుకుని, బాత్రూం కడిగి, మిగిలినదాన్ని కిటికీలో పెట్టింది. తాగే నీళ్లు పెట్టే కిటికీ కాదు, దాని పక్కది. కానీ సీసా అదే రకం, లోపల ఉన్నదీ నీళ్లలాగే ఉంది. వాడు కాగితం ఉండ పీకేసి, నేర్పినట్టే సీసా పైకెత్తాడు. మూతికి పెట్టుకుని ఉంటే ముందు పెదవి మండేది, అక్కడే వదిలేసేవాడు. ఎత్తి పోసుకున్నాడు కాబట్టి నాలుకకు తెలిసేలోపే గొంతు దిగిపోయింది.

అరుపు విని పక్క పోర్షన్ పెంటమ్మ పరుగెత్తుకొచ్చింది. బతికించాలనే ఆమె ఆరాటం. గ్లాసెడు ఉప్పునీళ్లు తాగించి, నోట్లో వేలు పెట్టి కక్కించింది. దవాఖానలో డాక్టరు మొదట అడిగిన మాట, కక్కించింది ఎవరని. పోయేటప్పుడు ఒకసారి కాల్చింది, వచ్చేటప్పుడు మళ్లీ కాల్చింది, నోరు కడిగి ఉన్నపళంగా తెచ్చి ఉంటే ఇంతగా కాలేది కాదేమో అన్నాడు. పెంటమ్మ గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. ఆమెను ఏమనగలరు?

ప్రాణం నిలిచింది. కానీ లోపలి పుండు మానుతూ మానుతూ ముడుచుకుపోయి, అన్నం దిగే దారి మూసుకుపోయింది. పాలు దిగేవి, మెతుకు దిగేది కాదు. డాక్టర్లు గొట్టం దూర్చి దారి వెడల్పు చేసేవాళ్లు, నెల తిరిగేసరికి అది మళ్లీ బిగుసుకునేది. వాడి ముందు తినలేక మొగుడూ పెళ్లాలూ వంతులవారీగా పెంటమ్మ ఇంట్లో కూర్చుని తినేవాళ్లు. తాలింపు వాసనను మాత్రం ఎవరాపుతారు?

"ఒక్క బుక్క పెట్టమ్మా," అన్నాడు సృజన్ ఒకరోజు. "మింగ. నమిలి ఊంచుత."

ఆమె పప్పన్నం కలిపి పెట్టింది. వాడు కళ్లు మూసుకుని చాలాసేపు నమిలి, గిన్నెలో ఊసేసి, ఇంకో బుక్కకు నోరు తెరిచాడు. ఇక రోజూ అదే. ఆ గిన్నె కడగడానికి బాలకిషన్ తానే తీసుకుపోయేవాడు. నల్లా పూర్తిగా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చేవాడు.

ఆ ఉడుకులోనే ఒకనాడు చెన్నయ్య బండికి అడ్డం తిరిగి మెడ పట్టుకున్నాడు. తాగే సీసాలో విషం పోసి అమ్ముతావా అని గల్లీ అంతా వినేలా తిట్టాడు. చెన్నయ్య విడిపించుకోలేదు.

"సీసా నాది కాదన్నా," అన్నాడు మెల్లగా. "మీ ఇంటిదే. సొంత సీసా ఇస్తే అర్ధరూపాయి తక్కువ గద. నీళ్ల సీసా తెచ్చిచ్చింది మీ ఇంట్లోళ్లే. నేను పోసిన, గంతే."

బాలకిషన్ తిరిగి చూశాడు. గడపలో విద్యావతి నిలబడి ఉంది. ఆమె మొహం చూస్తే నిజమేనని తెలిసిపోయింది. ఆమెను ఒక్క మాట కూడా అనలేకపోయాడు. ఆ అనలేనిదంతా చెన్నయ్య మీదే పెట్టుకున్నాడు.

చివరికి డాక్టర్లు పేగు ముక్కతో కొత్త దారి కడతామన్నారు. మళ్లీ అన్నం తింటాడన్నారు. ఆ ఒక్క మాటకు బాలకిషన్ సొంతిల్లు కట్టుకుందామని బోడుప్పల్‌లో కొన్న ప్లాటు అమ్మేశాడు. లోపలికి తీసుకుపోయే ముందు, లేచినంక ఏం తింటవురా అని అడిగితే, పప్పన్నమే, ఈసారి మింగుత అన్నాడు సృజన్. కుట్లు చీము పట్టాయి. జ్వరం దిగలేదు. వాడు మింగకుండానే పోయాడు.

మరుసటి ఎండాకాలం క్రాంతికుమార్ అనే కుర్రాడు, ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నవాడు, తోటివాళ్లతో కలిసి చిక్కడపల్లిలో ఒక సభ పెట్టాడు. ఇళ్లల్లో యాసిడ్, కిరోసిన్, ఎలుకల మందు పిల్లలకు అందకుండా ఎలా పెట్టుకోవాలో చెప్పే సభ. నువ్వు మాట్లాడాలన్నా అని వెంటపడ్డాడు. బాలకిషన్ ఒప్పుకున్నది ఒక్కందుకే. నలుగురిలో చెన్నయ్య పేరు చెప్పి ఆ బండి బంద్ చేయించాలి.

తీరా లేచి నిలబడితే, వెనక వరసలో చెన్నయ్యే కూర్చుని ఉన్నాడు, చిన్న మనవరాలిని ఒళ్లో పెట్టుకుని. బాలకిషన్ మైకు ముందుకు వెళ్లాడు. ఎవరో నీళ్ల సీసా అందించారు. అలవాటుగా పైకెత్తబోయి ఆగాడు. పెదవికి ఆనించి, తడి తగిలాక ఒక్క క్షణం చూసి, అప్పుడు గుటక వేశాడు. ముందు వరసలో ఎవరో, ఎంగిలి చేసిండే అని గొణిగారు.

"ఎంగిలే," అన్నాడు మైకులో. "పిల్లల్ని గిట్లనే తాగనియ్యుండ్రి. తాగే సీసాల యాసిడ్ పోయించుకోకుండ్రి. తాగిన పోరన్ని కక్కియ్యకుండ్రి. నోరు కడిగి, ఆ సీసా పట్టుకొని దవాఖానకు ఉరుకుండ్రి."

చెన్నయ్య పేరు నాలుక చివరి దాకా వచ్చింది. దాని వెనకే గడపలో నిలబడ్డ విద్యావతి మొహం వచ్చింది. ఊరుకున్నాడు.

జనం ఇంకా ఏదో చెబుతాడని చూస్తున్నారు. క్రాంతికుమార్ దగ్గరికొచ్చి, నీకేం పోయిందో జర చెప్పన్నా, అప్పుడైతేనే వింటరు అన్నాడు చెవిలో. బాలకిషన్ నోరు తెరిచాడు. కొడుకు పేరు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు.

"బోడుప్పల్‌ల," అన్నాడు, "నూట యాభై గజాల జాగ."