చింతపండుకు లొంగని పచ్చ

పక్కింటి వెంకటరమణమ్మ ఆంటీ గోడ మీదుగా చెప్పింది. ఆవిడకు ఇంగ్లండులోనే ఇంకో ఊరు లీసెస్టర్ నుంచి స్నేహితురాలు పుష్పలీల ఫోన్లో చెప్పిందట: ఎవరో ముసలామె గొడుగులు పెట్టుకునే జాడీని మ్యూజియం వాళ్లొచ్చి, పసిపిల్లను చుట్టినట్టు దుప్పటిలో చుట్టి పట్టుకుపోయారట. చైనాదట. వందల ఏళ్లదట.

సుభద్ర పొయ్యి మీద కూర మరిచి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. తాముండే షెఫీల్డ్‌లోనే, దానంగా వచ్చిన పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో ఈస్టర్ పండగ ముందు కొన్న గిన్నె అక్కడే ఉంది. మూడు కాళ్లు, రెండు చెవులు, చెవులకు ఊగే కడియాలు, పొట్ట మీద గుడ్లురిమే మృగం మొహం. అచ్చం పాతకాలపు కంచు పోత. ఆ పచ్చదనమంతా చిలుమనుకుని మూడు రోజులు చింతపండుతో తోమింది. రవ్వంత రంగు దిగలేదు.

"మా నాన్న కంచరి. చింతపండుకి దిగని చిలుము ఉంటదేంటండీ? ఇది రాయి," అని అప్పుడే అంది మొగుడితో.

రామ్మోహన్ పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు. "రాతిలో ఊగే కడియాలు ఎవడు చెక్కుతాడే? బయట అనకు, నవ్వుతారు," అన్నాడు. ఆయనే ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి మరీ నవ్వించాడు. తన చెయ్యి చెప్పింది నిజమేనని ఒక్కరైనా అంటే చాలనిపించేది సుభద్రకు.

శనివారం టౌన్‌హాల్లో పాత వస్తువులు చూసి చెప్పే నిపుణుడు కూర్చుంటాడని తెలిసి, గిన్నెను తువ్వాల్లో చుట్టి, ఆ రోజు డ్యూటీ లేని మొగుణ్ణి వెంటేసుకుని వెళ్లింది. టై కట్టిన ఆ బక్కపలచటి మనిషి పైపైన చూసి, కంచు నకలు అనేసి తర్వాతివాళ్లను పిలిచాడు.

"చాల్లే, పద. పరువు పోతోంది," గొణిగాడు రామ్మోహన్.

సుభద్ర కదల్లేదు. లోహమైతే వెలుగు దాటదు కదా, లోపల టార్చి పెట్టి చూడండి అని ఇంగ్లీషులో గట్టిగానే అడిగింది.

ఆయన విసుగ్గా పెట్టాడు.

ఎండకు పట్టిన తమలపాకులా గిన్నె గిన్నంతా వెలిగింది! మృగం కళ్లు, కడియాలు, అన్నీ. ఆయన ఎగిరి లేచాడు. ఇది జేడ్, విలువైన పచ్చరాయి అన్నాడు. రెండున్నర శతాబ్దాల కిందట చైనాలో ఎవరో, మూడు వేల ఏళ్ల నాటి కంచు పాత్ర రూపాన్ని ఒకే రాతిలో ఇసుకా నీళ్లతో అరగదీసి తీశాడన్నాడు. కడియాలు కూడా అతుకులు కావు, అదే రాయి! క్యూలో జనమంతా బల్ల చుట్టూ మూగారు.

ఇది రాయి అని ముందుగా ఎవరు కనిపెట్టారని అడిగాడాయన.

రామ్మోహన్ కోటు సర్దుకుని, "మేమిద్దరం," అన్నాడు నవ్వుతూ.

"ఇద్దరం కాదు. నేనొక్కదాన్నే," అంది సుభద్ర.