గోడ దూకుతున్న గోడ

ఒక పాత మంచం గుమ్మం దాటి బయటికి రావడంతో మొదలైంది ఈ గొడవంతా.

ఆ ఇల్లు ఒక ఫుట్‌బాల్ ఆటగాడిది. ఊళ్ళోని క్లబ్బుకి అతను డిఫెండరు. ఎదుటి జట్టు బంతితో ఎంత ఉరికొచ్చినా అతన్ని దాటలేదు కాబట్టి అభిమానులు అతనికి 'గోడ' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, కూరల బండి ఆవిడ అతని భార్యని 'గోడమ్మా' అని పిలిచేది. ఆమె ఏమీ అనుకునేది కాదు. గోడ అనిపించుకోవడం మంచిదే, గోడ ఉన్నచోటే ఉంటుంది కదా అని నవ్వుకునేది.

ఉన్నచోట ఉండటమే ఆ ఇంటికి కరువు. క్లబ్బు ఎక్కడుంటే కాపురం అక్కడ. భార్యాభర్తలు ఎలాగో సర్దుకున్నారు గానీ, వాళ్ళ కూతురు సర్దుకోలేకపోయింది. ఇంట్లో కిచకిచలాడుతుందని ఆ పిల్లని పిచ్చుక అని పిలిచేవారు. కిందటిసారి ఊరు మారాక పిచ్చుక బయట నోరు విప్పడం మానేసింది. బళ్ళో పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, పలకదు. గొంతులో లోపమేం లేదన్నాడు డాక్టరు. భయమన్నాడు. బలవంతపెట్టకండి, ఒకేచోట కుదురుగా ఉంచండి అన్నాడు. కుదురుగా ఉంచడమంటే మందుచీటీ మీద రాసినంత తేలికనుకున్నాడో ఏమో.

ఈ ఏడాది మాత్రం చిన్న మార్పు వచ్చింది. పక్కన కూర్చునే పిల్ల చెవిలో పిచ్చుక గుసగుసలాడుతోందని టీచరమ్మ చెప్పింది. ఆ గుసగుస మాట కావాలని తల్లి రోజూ దీపం ముందు నిలబడి అడిగేది. ఇంకేదీ అడిగేది కాదు. ఎక్కువ అడిగితే దేవుడు విసుక్కుంటాడేమోనని భయం.

సీజను మొదట్లో క్లబ్బు సెక్రటరీ పిలిచి, "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదయ్యా, మాకు నువ్వే కావాలి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ధైర్యం చేసింది. కిందటి మూడు ఊళ్ళ నుంచి విప్పకుండా మోసుకొస్తున్న అట్టపెట్టెలు ఒక గదినిండా ఉన్నాయి. వాటిని తీసేసి, ఆ గది పిచ్చుకకి ఇచ్చేద్దామనుకుంది. పాత మంచాన్నీ పెట్టెల్నీ పట్టుకుపోవడానికి ఒక చిన్న వ్యాను పిలిపించింది.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు, క్లబ్బుకి పాతకాపు అభిమాని. అరుగు మీద నుంచే కేకేశాడు.

"ఏంటమ్మాయ్ హడావిడి?"

"గది ఖాళీ చేస్తున్నాం బాబాయిగారూ!"

వ్యాను మోతలో ఆయనకి 'గది' వినబడలేదు. 'ఖాళీ చేస్తున్నాం' ఒకటే వినబడింది. గుండె గుభేలుమంది పాపం. ఆటగాళ్ళని కొనుక్కునే, అమ్ముకునే గడువు ఇంకో వారంలో ముగుస్తుంది మరి. వ్యాను మీద మంచాన్ని ఫోటో తీసి, 'గోడగారు ఖాళీ చేస్తున్నారట' అని అభిమానుల గ్రూపులో పెట్టాడు. పక్కన ఏడుపు బొమ్మ కూడా పెట్టాడు.

మర్నాడు పేపర్లో ఆటల పేజీలో పెద్దక్షరాలతో వచ్చింది: 'గోడ దూకుతున్న గోడ!' కింద ఫోటో. ఏ క్లబ్బుకి పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో, విశ్వసనీయ వర్గాలు చెప్పాయట.

"విశ్వసనీయ వర్గాలంటే ఎవరే?" అన్నాడు భర్త.

"మన మంచమే కాబోలు" అంది ఆమె.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పొయ్యిమీద పాలు పొంగిపోయాయి కూడా.

మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు. ఆదివారం మ్యాచికి ముందు విలేకరుల సమావేశం జరిగింది. పెద్ద మ్యాచి, కానీ ఆట గురించి అడిగినవాళ్ళు లేరు. గోడ ఉంటాడా పోతాడా అన్నదే ప్రశ్న. ఆటగాళ్ళ బదిలీల సంగతి మాట్లాడకూడదని క్లబ్బు నియమం. అందుకని కోచ్, "మ్యాచి గురించి అడగండి" అని ఊరుకున్నాడు. సాయంత్రానికి 'కాదనలేకపోయిన కోచ్' అని వార్త వచ్చింది.

"ఏమండీ, మంచం సంగతి మీరే చెప్పేయరాదూ? పిల్ల గది కోసం తీశామని అంటే సరిపోతుంది."

"సెక్రటరీ వద్దన్నాడు. కాదంటే, ఎందుకు కాదంటున్నాడో అని రాస్తారట. నోరు మూసుకుంటే అదే చల్లబడుతుందన్నాడు."

ఎదురింటాయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"తప్పైపోయిందమ్మాయ్. గ్రూపులోంచి తీసేశాను."

"తీసేశాక ఏమంటున్నారు బాబాయిగారూ?"

"ఎవరు తీయించారని అడుగుతున్నారు" అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

శనివారం బడి నుంచి వచ్చిన పిచ్చుక సంచీ కూడా దించకుండా తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, మనం వెళ్ళిపోతున్నామా? బళ్ళో అందరూ అంటున్నారు."

"లేదమ్మా. ఎక్కడికీ వెళ్ళట్లేదు."

"దేవుడి తోడా?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆ పేరు ఊరికే వాడే అలవాటు లేదు ఆమెకి. కానీ ఉన్నమాటే కదా అనుకుంది. "దేవుడి తోడు" అంది. పిల్ల వెంటనే కొంగు వదిలేసి, కొత్త గదిలోకి బొమ్మలు మోసుకుపోయింది.

ఆదివారం మ్యాచి టీవీలో చూసింది ఆమె. భర్త కాలికి బంతి తగిలినప్పుడల్లా సొంత స్టేడియమే ఈలలు వేసింది. ఒక మూల ఎవరో పెద్ద గుడ్డమీద గోడ బొమ్మ వేసి, దానిమీద పిల్లిని కూర్చోబెట్టారు. అతను తలొంచుకుని ఆడాడు. రెండో సగంలో అతను గోల్‌కీపరుకి వెనక్కిచ్చిన బంతి మరీ మెల్లగా పోయింది. ఎదుటివాడు మధ్యలో దూరి గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయారు. అమ్ముడుపోయాడు కాబట్టే అలా ఇచ్చాడని బయట అరుస్తున్నారని అతను ఇంటికొచ్చి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. బూట్లు విప్పుకుంటూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

"చల్లబడుతుందన్నాడు కదండీ సెక్రటరీ" అంది ఆమె.

సోమవారం క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. వెళ్ళి, మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఆ క్లబ్బువాళ్ళు నిజంగానే అడిగారటే."

"ఏ క్లబ్బు?"

"పేపర్లో రాశారే, అదే. మొన్నటిదాకా వాళ్ళకి నా ఊసే లేదట. వార్త చూసి, ఓహో, ఇతను దొరుకుతాడా అనుకున్నారట. ఏజెంటు చెప్పాడు."

"మనవాళ్ళేమన్నారు?"

"జనం నామీద విరుచుకుపడ్డారుగా. పంపేయడమే మంచిదన్నారు. అవతల గడువు ఎల్లుండితో సరి."

"మీరు వద్దనండి. మీ సంతకం లేకుండా ఎలా పంపుతారు?"

"వద్దనొచ్చు. బెంచీ మీద కూర్చోబెడతారు. వచ్చే ఏడు ఒప్పందం అయిపోయాక ఎవరు పిలుస్తారు నన్ను? నా వయసు ఆటగాళ్ళు ఎందరున్నారే?" అతను అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "ఎల్లుండి పొద్దున్నే సంతకం పెడతానన్నాను."

ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఎదురింటాయన్ని తిడదామంటే అది ప్రేమ. కోచ్‌ని తిడదామంటే అది నియమం. భర్తనా? అతని ముఖం చూస్తే నోరు రాలేదు. దేవుడి గదివైపు చూసింది. నేను చెప్పినప్పుడు అది నిజమే కదా స్వామీ. నీ పేరు పెట్టి చెప్పిన నిజం రెండు రోజుల్లో అబద్ధమైతే ఆ పాపం ఎవరిది? నిష్ఠూరంగా కాదు, తెలియక అడిగింది. తరవాత, బడి వదిలే వేళైందని చెప్పులేసుకుంది.

గేటు దగ్గర టీచరమ్మ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మీకోసమే చూస్తున్నానండీ! మీ అమ్మాయి మాట్లాడింది!"

"ఏంటీ?"

"క్లాసులో, అందరి ముందూ! పిల్లలు వెక్కిరించారు, మీ నాన్న పారిపోతున్నాడంట అని. నేను కేకలేసేలోపే లేచి నిలబడిందండీ. 'మేం ఎక్కడికీ వెళ్ళం. మా అమ్మ దేవుడి తోడని చెప్పింది' అంది. ఖణీమని! నాకైతే కళ్ళనీళ్ళొచ్చేశాయి."

ఆమెకీ వచ్చాయి. సంతోషమనుకుని టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

పిచ్చుక పరుగున వచ్చి చంకలో దూరింది. ఇంటికి నడుస్తున్నారు. ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది తల్లి. ఆ మలుపు దాటాక అనుకుంది. ఇంతలో కూరల బండి ఎదురైంది.

"ఏం గోడమ్మా, ప్రయాణమంటగా?"

తల్లి నోరు తెరిచేలోపే పిచ్చుక ముందుకొచ్చింది. "మేం ఎక్కడికీ వెళ్ళట్లేదు!"

కూరలావిడ చేతిలోని తక్కెడ అలాగే ఆగిపోయింది. ఆ పిల్ల గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు. "అయ్యో నా తల్లే, నువ్వు మాట్లాడతావా!" అని ముక్కుమీద వేలేసుకుంది.

పిల్లకి ఆ రుచి తెలిసింది. చేయి విడిపించుకుని ముందు నడిచింది. ఇస్త్రీ కొట్టు ముందు ఆగి చెప్పింది. కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళకి చెప్పింది. అడగనివాళ్ళకి కూడా చెప్పింది. చెప్పినచోటల్లా గొంతు కొంచెం పెరుగుతోంది.

ఎదురింటి అరుగు మీద పెద్దాయన ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. కొత్త వార్త ఆయన దాకా వచ్చేసినట్టుంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"తాతగారూ! మేం ఎక్కడికీ వెళ్ళట్లేదు! మా అమ్మ చెప్పింది!"

ఆయన పిల్లని చూశాడు. పిల్ల తల మీదుగా తల్లిని చూశాడు. తల్లి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. దేనికి వద్దంటోందో ఆమెకే తెలియదు.

"అలాగేనమ్మా" అన్నాడాయన. "సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చెప్పు."

పిచ్చుక ఊపిరి నిండా పీల్చుకుని, ఇంకా గట్టిగా చెప్పింది.